పూజకు ఆపిన మంట

పోయిన వారం మనం సింధూరిని మాధవరం బస్టాండులో, చంకన గుడ్డసంచీతో, కళ్ళనిండా కోపంతో వదిలేశాం. ఆ సంచీలో రెండే రెండు కాగితాలున్నాయి. వాటికోసం ఆ పిల్ల రెండేళ్ళు తిండి సరిగ్గా తినలేదు, కంటినిండా నిద్రపోలేదు. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఇవాళ తీరుబడిగా కబుర్లు చెప్పుకునే రోజు కాదు, ఆయుధపూజ.

ఆరేళ్ళ కిందట, తొంభై రెండులో, తిరువొత్తియూరుకు అవతల, మనలి దాటాక ఉప్పునేలల్లో ఒక ప్రైవేటు కంపెనీవాళ్ళు రాకెట్ ఇంజన్ను కదలకుండా బిగించి మండించి చూశారు. ఇంజను అడుగునుంచి వచ్చే మంట ఒక కాంక్రీటు కాలువలో పడి, మలుపు తిరిగి, దూరంగా వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. వెనక్కి తిరిగి పైకెక్కి, ఇంజన్ను ఆపే వాల్వు తీగల్ని కాల్చేసింది. చేత్తోనైనా వాల్వు కట్టేద్దామని ఇద్దరు పరిగెత్తారు. కన్నియప్పన్ అక్కడే పోయాడు. రెండోవాడు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ వరదయ్య, మన సింధూరి తండ్రి. ప్రాణం దక్కింది, చేతులు దక్కలేదు. "మంట అంత పైకి రాదని కంప్యూటర్ లెక్క ముందే తేల్చింది. కనుక తీగలకు ఆస్బెస్టాస్ గుడ్డ సరిగ్గా చుట్టకపోవడమే కారణం" అని విచారణవాళ్ళు రాసి చేతులు దులుపుకున్నారు. ఆ గుడ్డ చుట్టింది వరదయ్య. ఉద్యోగం పోయింది. కన్నియప్పన్ చావుకు కారకుడన్న పేరు మాత్రం తిరువొత్తియూరు వీధిలో అలాగే నిలిచిపోయింది.

ఆ కంప్యూటర్ లెక్క రిపోర్టు కింద ఉన్న పేరు జయప్రకాష్. ఆ పేరును సింధూరి పదహారేళ్ళప్పుడు చదివి మనసులో పెట్టుకుంది. రాకెట్ మంట ఎటు పోతుందో, ఎంత వేడెక్కుతుందో కంప్యూటర్లో లెక్కకట్టే పని పంతంపట్టి నేర్చుకుంది. చదువు పూర్తికాకముందే ఆమెను పనిలో పెట్టుకున్నది గోపాలస్వామి. ప్రమాదం జరిగినప్పుడు ఆ కంపెనీకి జనరల్ మేనేజరు ఆయనే; తర్వాత బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకున్నాడు. "మీ నాయనకు జరిగింది అన్యాయం తల్లీ, నేను ఆపలేకపోతిని" అని కండువాతో కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి.

పది రోజుల కిందట పాత కంపెనీ స్టోరు చూసే మోసెస్ దగ్గర సింధూరికి ఆనాటి కంప్యూటర్ లెక్క దాచిన టేపు దొరికింది. ఇవాళ పొద్దున ఆఫీసులో పూజ కాగానే గోపాలస్వామి ఆ టేపును కవరులో పెట్టి, తన అలవాటు ప్రకారం పచ్చ ఇంకుతో పైన "భద్రం" అని రాసి, కింద సంతకం చేసి రెండు గీతలు గీసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. "సోమవారం కమిటీ ముందు జయప్రకాష్ మనకు పోటీగా, ఇంజను మండించే కొత్త టెస్ట్ బే డిజైను చూపిస్తాడు గదా, అప్పుడు తీద్దాం. అందాకా వాడి గడప మాత్రం తొక్కొద్దు" అని మరీ మరీ చెప్పాడు.

సింధూరి వినలేదు. ఎలా వింటుంది? సోమవారం కమిటీలో పదిమంది వెనక కూర్చుని దూరాన్నించి చూస్తే ఏం తృప్తి? ఎదురుగా నిలబడి, ఆ మొహం పాలిపోతుంటే కళ్ళారా చూడాలి. ఆరేళ్ళ కసి అది, ఇంకో నాలుగు రోజులు ఆగమంటే ఆగుతుందా.

జయప్రకాష్ ఆఫీసు మాధవరం పాలకాలనీ పక్కన మేడమీద రెండు గదులు. గేటు ముందు కుంకుమ కలిపి కొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్కలు ఎర్రగా పడివున్నాయి. సింధూరి వాటిని దాటుకుని మెట్లెక్కింది. లోపల కంప్యూటర్లన్నిటికీ గంధం, కుంకుమ, నుదుట చేమంతిపూలు. తెరలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక మూల ఒక్క మిషను మాత్రం ఫ్యాను చప్పుడు చేస్తూ నడుస్తూనే ఉంది. దానికీ బొట్టు ఉంది. ఆ పక్కన ఒక మనిషి కాగితం పొట్లంలో పూజకు పంచే పొరి, అదే మరమరాలూ శనగలూ, నములుతూ కూర్చున్నాడు. నలభై దాటివుండవు, జుట్టంతా తెల్లబడింది.

"ఎవరమ్మా? పూజ అయిపోయింది, అందురూ ఇండ్లకు పోయినారే."

"మీతోనే పని సార్. నేను వరదయ్య కూతుర్ని."

నోటిదాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది. పొట్లం పక్కన పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని లేచాడు. "కూర్చోమ్మా" అన్నాడు.

సింధూరి కూర్చోలేదు. బల్లమీద గంధం గిన్నెను పక్కకు నెట్టి, రెండు కాగితాలూ పరిచింది.

"ఇది టేపులో దొరికిన మీ లెక్క సార్. పద్దెనిమిది వందల నలభై చుట్లు. ఇది నేను చేసింది. అదే ఇంజను, అదే కాలువ, అవే కొలతలు. ఆరువేల చుట్లు."

చుట్లంటే ఏమిటో చెప్పాలి కదా. మంట ఎలా పోతుందో కంప్యూటరుకు మొదట తెలియదు. ఏదో ఒకటి అనుకుని మొదలుపెడుతుంది, తప్పును దిద్దుకుంటుంది, మళ్ళీ లెక్కకడుతుంది, మళ్ళీ దిద్దుకుంటుంది. అలా వేల చుట్లు తిరిగాక, ఇక ఎంత తిప్పినా జవాబు మారకపోతే, అప్పుడు లెక్క స్థిరపడిందని అర్థం. ఆలోపు తీస్తే అది ఉడకని అన్నమే. ఇప్పుడైతే ఒక పగలూ రాత్రీ చాలు. ఆ రోజుల్లో ఈ లెక్కకు మిషను పదకొండు రోజులు నడవాలి.

మొదటి కాగితంలో మంట చక్కగా, పసుపుపచ్చగా, కాలువలోకి దిగుతోంది. దాన్ని చూస్తే ఎవరికైనా నిశ్చింతగా ఉంటుంది. రెండోదాంట్లో అదే మంట మలుపుకు కొట్టుకుని, ఇరుకు కాలువలో పట్టక, గోడవెంట ఎర్రగా వెనక్కి పాకి ఇంజను మొదట్లోకి ఎక్కుతోంది. సరిగ్గా తీగలున్న చోటికి.

"పద్దెనిమిది వందల చుట్ల దగ్గర మంట ఇంకా మలుపుదాకానే పోలేదు సార్. పోకముందే ఆపేసి, వెనక్కి రాదని రాసేసినారు. టేపు చివర్న టైము గూడా ఉంది. ఆయుధపూజ, పొద్దున ఎనిమిదీ ఇరవయ్యొకటి. పూజకని మిషను ఆపినారు, మళ్ళా పెట్టలా. బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పొరి తిని, లెక్క స్థిరపడిందని రిపోర్టు పంపేసినారు! ఆ రిపోర్టు నమ్మే గదా సార్ మా నాయన్ని దోషిని చేసినారు? ఆ రిపోర్టు నమ్మే గదా కన్నియప్పన్ అన్న ఆడ నిలబడింది?"

జయప్రకాష్ రెండో కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరకు పోయి చూశాడు. సింధూరి ఎదురుచూసింది. కాదంటాడు, అరుస్తాడు, నీకేం తెలుసంటాడు. ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బస్సులో వస్తూ ఒక్కొక్కటీ నూరిపెట్టుకుంది.

"సరిగ్గా చేసినావు" అన్నాడతను. "గోడ దగ్గర లెక్క గళ్ళు బాగా చిన్నవి చేసినావే, మంట పాకేది ఇంకా బాగా తేలింది. నాకు గూడా ఇట్లనే వచ్చింది."

"మీకు వచ్చిందా? ఎప్పుడు?"

"ప్రమాదం అయిన మూడో నెలలో. నేనే మళ్ళీ నడిపి చూసుకున్నా. పదకొండు రోజులు."

సింధూరికి ఒళ్ళు మండిపోయింది. తెలుసు! తెలిసి ఆరేళ్ళు కుక్కిన పేనులా పడివున్నాడు! సార్ అన్న పిలుపు అక్కడితో ఊడిపోయింది.

"తెలిసి నోరు మూసుకున్నావా? మా నాయన చొక్కా గుండీ పెట్టుకోలేడు, తెలుసా నీకు? అన్నం మా అమ్మ కలిపి పెట్టాల. కన్నియప్పన్ పెండ్లాం కోకిల అక్క, నన్ను ఎత్తుకుని పెంచింది, ఇప్పుడు నేనెదురైతే మొగం తిప్పుకోని పోతాది. నువ్వు ఈడ పొరి తింటా ఉండావు! సోమవారం ఈ రెండు కాగితాలూ కమిటీ ముందు పెడతా. ఆ పైన ఈ ఊళ్ళో రైసుమిల్లు పొగగొట్టానికి గూడా నిన్ను ఎవురూ పిలవరు. నీ పేరు చెప్తే జనం ఉమ్మెయ్యాల. అది చూస్తేగానీ నాకు నిద్రపట్టదు."

"పెట్టు" అన్నాడు జయప్రకాష్. "పెట్టాల్సిందే. నోరు మూసుకున్నది నా తప్పే, దానికి ఏమి వేసినా పడతా. కానీ లెక్కను ఆపింది నేను కాదమ్మా. ఆ రోజు నేను చిత్తూరులో ఉండా, మా అమ్మకు కంటి ఆపరేషను. నాలుగురోజులకు తిరిగొచ్చేతలికి రిపోర్టు టైపై, కింద నా పేరు పెట్టి, కస్టమరుకు పోయింది. లెక్క ఇంకా కాలేదు సార్ అంటి. పూజకు ఆగిపోయిందిలే, మళ్ళా పెడితే ఇంకో వారం, వాళ్ళు ఆగరు, మంట బాగానే పోతాంది గదా అన్నారు. నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. అప్పుడు గట్టిగా అరిచుంటే కన్నియప్పన్ బతికుండేవాడు."

"ఎవరన్నారు?"

అతను తల అడ్డంగా ఊపాడు. "పేరు చెప్తే నువ్వు నమ్మవు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. తప్పించుకునేదానికి ఇంకొకరి మీద తోస్తా ఉండాడంటావు. ముందు ఇంటికి పోయి మీ నాయన్ని అడుగు. ఆ పొద్దు కంప్యూటర్ గది మెయిన్ స్విచ్చి దించిందెవరో, ఎవరి మాట మీద దించినారో."

ఇంక ఏం కావాలి? ఆరేళ్ళనాడు గుడ్డ చుట్టడం మీదికి తోశారు, ఇప్పుడు మెయిన్ స్విచ్చి మీదికి తోస్తున్నారు. మళ్ళీ అదే వరదయ్య! సింధూరి కాగితాలు లాక్కుని సంచీలో కుక్కుకుంది. కొట్టాలని ఉంది, నిజంగా చెయ్యెత్తి చెంప పగలగొట్టాలని ఉంది. కొట్టకుండా వెనుదిరిగింది. గుమ్మం దగ్గర, మూలన నడుస్తున్న ఆ ఒక్క మిషను కనబడి ఆగింది.

"దీనికి లేదా సెలవు?" అంది, ఆ గొంతులో విషం ఉంది.

"నడుస్తా ఉండేదానికి నడుస్తా ఉండంగానే బొట్టు పెడతా. ఆరేళ్ళుగా పూజకని ఏ లెక్కనూ ఆపలా."

"ఎన్ని బొట్లు పెట్టినా కన్నియప్పన్ అన్న ఉసురు నీకు తగలకుండా పోదు" అని మెట్లు దిగిపోయింది.

తిరువొత్తియూరు బస్సుకు ముందు అరటిపిలకలు కట్టారు, అద్దానికి గంధం పూశారు. డ్రైవరు నుదుట కూడా ఇంత విభూది. బస్సంతా పండగ మొహాలే. సింధూరి మాత్రం పళ్ళు బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మెయిన్ దించింది నాయనేనా? దించితే దించుండచ్చు. పూజకు స్విచ్చులు దించేది ఎలక్ట్రికల్ వాళ్ళే. అయితే నాయనకేం తెలుసు, ఆ గదిలో ఏం లెక్క నడుస్తోందో! ఎవరో దించమంటే దించాడు. ఎవరో. ఆ మాట దగ్గర ఆమె ఆలోచన మేకుకు పట్టుకున్న గుడ్డలా ఆగిపోతోంది.

వీధి మలుపులో కోకిల చేపలబుట్ట దించుకుని కూర్చుంది. సింధూరిని చూసి ఎప్పటిలాగే మొహం తిప్పుకుంది.

ఇంట్లో ముందుగదిలో అలివేలు పీటమీద పసుపుబట్ట పరిచి, మొగుడి పనిముట్లు ఒక్కొక్కటీ కడిగి తుడిచి పెడుతోంది. టెస్టరు, కటింగ్ ప్లేయరు, మూడు స్క్రూడ్రైవర్లు, రబ్బరు చేతితొడుగులు. వరదయ్య పక్కన గోడకానుకుని కూర్చుని, ముడుచుకుపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, "ఆ ప్లేయరుకు రెండు బొట్లు పెట్టవే, పెద్దది గదా అది" అని ఆజ్ఞలిస్తున్నాడు. ఆ పనిముట్లను ఆయన పట్టుకుని ఆరేళ్ళయింది. పూజ మాత్రం ఒక్క ఏడూ మానలేదు. అవి దాచే రేకు పెట్టెను ఏడాదికి ఒక్కసారి, ఈ రోజే తెరుస్తారు.

అలివేలు హారతికి కర్పూరం అయిపోయిందని వీధి చివరి అంగడికి లేచింది. ఆమె గడప దాటేదాకా ఆగి సింధూరి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాయనా, ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. ప్రమాదానికి ముందు వచ్చిన ఆయుధపూజ నాడు, కంప్యూటర్ గది మెయిన్ దించింది నువ్వేనా?"

వరదయ్యకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "నేనే. నేను గాక ఇంకెవురు దించుతారు? ఇప్పుడేంది అది?"

"ఎందుకు దించినావు?"

"ఎందుకేంది? పూజకు. సుమ్మా, ఊరికే దించుతానా నేను? ఆ గదికి ప్రత్యేకం లైన్ ఉండె. ఆ జేపీ, అదే జయప్రకాష్ అబ్బాయి, ఊరికి పోతా పోతా, దీన్ని మాత్రం ముట్టొద్దన్నా, పదకొండు రోజులు నడవాల అని చెప్పిపోయినాడు. నేనూ సరే అంటిని. పూజ పొద్దున మాత్రం దించమన్నారు. అట్ల కుదరదు సార్, కరెంటు తీయొచ్చని లైన్ క్లియర్ చీటీ రాసీండి, రాసిస్తే దించుతా అంటి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో చీటీ లేకుండా మెయిన్ మీద చెయ్యి పెట్టిన మనిషిని కాదు నేను."

సింధూరి ముందుకు జరిగింది. "రాసిచ్చినారా?"

"ఇయ్యక? రెండు కాపీలు. ఒకటి బుక్కులో ఉంటాది, ఒకటి మనది. ఆడనే ఉంటాది చూడు, పెట్టె అడుగున అంటించిన సంచీలో. పాత చీటీలన్నీ ఆడనే."

"విచారణలో చూపించలేదా నాయనా?"

"వాళ్ళు గుడ్డ చుట్టింది అడిగినారు, తీగలు అడిగినారు. కంప్యూటర్ గది సంగతి నన్నెవురు అడిగినారమ్మా? దానికీ మంటకూ ఏమి సంబంధం?"

అంతే మరి. లెక్క సంగతి ఆయనకు తెలియదు, చీటీ సంగతి లెక్క తెలిసినవాళ్ళకు తెలియదు. ఆరేళ్ళుగా ఆ కాగితం స్క్రూడ్రైవర్ల కింద పడుకుని, ఏటా ఒకరోజు గంధం వాసన పీల్చుకుంటోంది.

సింధూరి పెట్టె అడుగు సంచీలో చెయ్యి పెట్టి చీటీల కట్ట బయటికి తీసింది. ఒక్కొక్కటీ తిప్పింది. ఐదో ఆరో చీటీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

కంప్యూటర్ గది. లెక్క పూర్తయినది. మెయిన్ దించవచ్చును. ఉదయం 8.15.

కాగితం పసుపుపచ్చబడింది. ఇంకు రంగు మాత్రం కొంచెం కూడా మారలేదు. పచ్చ ఇంకు. సంతకం కింద రెండు గీతలు.

ఆ సంతకాన్ని ఆమె రెండేళ్ళుగా రోజూ చూస్తోంది. ఇవాళ పొద్దున కూడా చూసింది, కవరు మీద, "భద్రం" అన్న మాట కింద. కండువాతో కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి! ఉద్యోగమిచ్చిన దేవుడు! జయప్రకాష్ గడప తొక్కొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకన్నమాట. తండ్రికి జరిగిన అన్యాయం పేరు చెప్పి, కూతురి చేతనే పోటీకొచ్చిన జయప్రకాష్‌ను కొట్టించబోయాడు. ఆమె ఎంత వెర్రిదంటే, ఆ టేపును కూడా తీసుకుపోయి అతని చేతుల్లోనే పెట్టివచ్చింది. సింధూరికి ఏడుపు రాలేదు. ఆరేళ్ళుగా ఒకడివైపు మండిన కడుపు, అదే మంటతో ఇంకొకడివైపు తిరిగింది.

"నాయనా, ఈ చీటీ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవురికి తెలుస్తాది? ఆఁ, పోయిన వారం గోపాలస్వామి సార్ పండ్లు తీసుకోని వచ్చినాడు గదా, నువ్వు ఆఫీసులో ఉండావు. పాత కాగితాలు ఏమన్నా ఉంటే చూపించు వరదయ్యా, మీ పిల్లకు పనికొస్తాయి అన్నాడు. పెట్టెలో ఉండాయి సార్, పూజ పొద్దే తెరుస్తా, ఆ పొద్దు రాండి అంటి. ఎంత మంచి మనిషో, మన కోసం అంత పెద్దాయన..."

మాట పూర్తికాలేదు. వీధిలో కారు తలుపు వేసిన చప్పుడు. వెనకే అలివేలు గొంతు, సంబరంగా: "రాండి సార్, రాండి! సింధూ, సార్ వచ్చినారు, కాఫీకి పాలు పెట్టు!"

సింధూరి చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. మిగిలిన కట్టను పెట్టెలో పడేసి మూత దించి, "నువ్వేం పలకొద్దు నాయనా" అంది. కుంకుమభరిణె తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

గోపాలస్వామి జరీ పంచెలో, చేతిలో ఆపిల్‌పళ్ళ సంచీతో నవ్వుతూ నిలబడ్డాడు. కాళ్ళకు చెప్పులు కూడా విప్పకుండానే అడిగాడు.

"ఏం తల్లీ, మీ నాయన పెట్టె తెరిచినాడా?"

"పనిముట్లు తీసినాడు సార్. కాగితాలు మాత్రం మీరొస్తేగానీ ముట్టనని కూర్చోనుండాడు."

నవ్వుతూనే అంది. అంటూ అతని నడుము వైపు చూసింది. పంచె మడతలో, ఆ టేపున్న బీరువా తాళాల గుత్తి వేలాడుతోంది.

"లోపలికి రాండి సార్" అంటూ సింధూరి కుంకుమభరిణె మూత తీసింది. "ముందు మీకు బొట్టు పెట్టాల."